ఫారం గడి, వీలునామా గొంతు

మా పెదనాన్న దినవారాలు అయిన మర్నాడు పెద్దమ్మ బీరువా లోపలి సొరుగు తీసి రెండు కాగితాలు మంచం మీద పెట్టింది. ఒకటి బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. రెండోది రూళ్ళ పుస్తకంలోంచి చింపి, అంచున దారంతో కుట్టిన నాలుగు పేజీలు. ఆయన చేత్తో రాసుకున్న వీలునామా. సొమ్ము ఆయనదే, సంతకం ఆయనదే. చదువుతుంటే మాత్రం రెండూ ఇద్దరు వేరు వేరు మనుషులు రాసినట్టున్నాయి.

అప్పట్నుంచీ ఈ రెండు రకాల రాతల్నీ పక్కపక్కన పెట్టి, ఒక కథనో కావ్యాన్నో చదివినంత శ్రద్ధగా చదవాలని నాకు ఉంది. పెళ్ళి, పురుడు, పరదేశం, విడాకులు, చావు, ఇలా బతుకు మలుపు తిరిగిన ప్రతిచోటా ఇంటి డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో తేల్చేవి ఇవే. మనం మాత్రం ఒకటి రాసేసి రెండోది కూడా రాసినట్టే అనుకుంటాం.

ముందు చిన్నదాన్ని చూద్దాం. బ్యాంకు డిపాజిట్‌కి నామినీని రాయడానికి పెదనాన్న నింపిన ఫారం పేరు డీఏ-1. 1985 నాటి నియమాలతో వచ్చింది. అన్నీ గడులు. నామినీ పేరు, చిరునామా, డిపాజిట్‌దారుతో సంబంధం, వయసు. మైనరైతే పుట్టిన తేదీ, ఆ బిడ్డ తరఫున సొమ్ము అందుకునే పెద్దవాళ్ళ పేరు. సంబంధం గడి దగ్గర ‘ఉంటే’ అని ఒక మాట ఉంటుంది. నాకు ఆ ఫారంలో అన్నిటికంటే నిజాయితీగా కనిపించేది ఆ మాటే. మీకూ ఈ మనిషికీ ఏ చుట్టరికమూ లేకపోయినా మాకు అభ్యంతరం లేదు, మీ తర్వాత డబ్బు ఎవరి చేతిలో పెడితే మా బాధ్యత తీరుతుందో చెప్పండి చాలు అంటోంది బ్యాంకు. సంతకం చేయగలిగినవాళ్ళకి సాక్షులు కూడా అక్కర్లేదు, వేలిముద్ర వేస్తేనే కావాలి. ఎందుకు ఈ పేరు రాశారు అని ఆ కాగితం అడగదు. చెప్పుకుందామన్నా అందులో చోటు లేదు.

పెదనాన్న ఆ గడి నింపింది 1986లో, పెళ్ళికి రెండేళ్ళ ముందు. నామినీగా చెల్లెలి పేరు రాశాడు, అంటే మా మేనత్తది. గడువు తీరినప్పుడల్లా డిపాజిట్ మళ్ళీ మళ్ళీ రెన్యువల్ అవుతూ వచ్చింది. వడ్డీ రేటు మారింది, రసీదు రంగు మారింది, బ్యాంకులో కంప్యూటర్లు వచ్చాయి. ఆయనకి పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు, చిన్నవాడు అమెరికా వెళ్ళాడు. గడిలో పేరు మాత్రం అదే. పెద్దమ్మ మరణ ధ్రువపత్రం పట్టుకుని వెళ్తే గుమాస్తా స్క్రీన్ ఇటు తిప్పి చూపించాడు. ఆవిడ మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. ‘ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, నా పేరు రాయడం గుర్తు రాలేదా’ అని ఒక్క మాట అంది, అదీ నాతో కాదు, ఆ స్క్రీన్‌తో.

మేనత్త తెనాలి నుంచి బస్సులో వచ్చింది. సంతకాలు పెట్టి, తన ఖాతాలో పడిన ఆరు లక్షల చిల్లరా మర్నాడే పెద్దమ్మ ఖాతాకి మార్పించి, ‘ఇది నాది కాదు వదినా, నా చేతి మీదుగా వెళ్ళాలని రాసిపెట్టుంది అంతే’ అంది. ఏ తీర్పూ చదవని మా అత్త చట్టం చెప్పిన దారినే నడిచింది.

ఎందుకంటే చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. 1983 డిసెంబరులో సర్బతీ దేవి, ఉషా దేవి కేసులో సుప్రీంకోర్టు, బీమా పాలసీలో నామినీ సొమ్ము అందుకునే చెయ్యి మాత్రమేననీ, ఆ సొమ్ము వారసులందరిదీ అనీ చెప్పింది. అక్కడ నామినీ భార్య. దావా వేసినవాళ్ళు చనిపోయినాయన తల్లి, కొడుకు. బ్యాంకు డిపాజిట్ల సంగతిలో 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులోనూ ఇదే మాట. షేర్లు, డిబెంచర్ల విషయంలోనూ ఇంతేనని 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో తేల్చారు. గడిలో పేరున్న మనిషి ఆ సొమ్ముకు ధర్మకర్త. పట్టుకెళ్ళి హక్కుదారులకి ఇవ్వాలి. అందరి ఇళ్ళలో మా మేనత్త ఉండదు కదా, అందుకే కోర్టులు ఇన్నిసార్లు ఈ ముక్క చెప్పాల్సి వచ్చింది.

చిక్కేమిటంటే నామినీ అనే మాటకి అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. 2015లో బీమా చట్టాన్ని సవరించారు. అప్పట్నుంచి తల్లిదండ్రుల్ని, భార్యనో భర్తనో, పిల్లల్ని నామినీగా రాస్తే వాళ్ళు బెనిఫిషియల్ నామినీలు, డబ్బు వాళ్ళదే. అదే పాలసీలో తమ్ముడి పేరు రాస్తే మళ్ళీ అతను ఉత్త చెయ్యి. ప్రావిడెంట్ ఫండ్ ఫారానిది ఇంకో దారి. కుటుంబం లేనప్పుడు ఎవరి పేరు రాసినా, కుటుంబం ఏర్పడగానే ఆ నామినేషన్ దానంతట అదే చెల్లకుండా పోతుంది. ఈ ఒక్క సంగతిలో పీఎఫ్ వాళ్ళ ఫారం బ్యాంకు ఫారం కన్నా మెరుగని నా అభిప్రాయం. మనిషికి పెళ్ళవుతుందని దానికి తెలుసు. డీఏ-1కి తెలియదు.

మన పిల్లలు వెళ్ళే అమెరికాలో ఈ గడికి ఉన్న బలం వింటే కళ్ళు తిరుగుతాయి. అక్కడ ఉద్యోగంలో 401(కె) పొదుపు ఖాతా ఉంటుంది. పెళ్ళైనవాళ్ళకైతే, జీవిత భాగస్వామి కాగితం మీద ఒప్పుకుంటే తప్ప, ఆ సొమ్ము మామూలుగా ఆ భాగస్వామికే. అది కాక బెనిఫిషియరీగా ఎవరి పేరుంటే వాళ్ళే సొంతదారు, వీలునామాలో ఇంకోలా రాసినా ఆగదు. 2009 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చిన కెనెడీ కేసులో, ఆ మనిషి 1994లో విడాకులు తీసుకున్నాడు. కంపెనీ పొదుపు పథకం మీద తనకే హక్కూ లేదని భార్య విడాకుల తీర్పులోనే వదులుకుంది. అయినా ఆయన ఫారం మార్చలేదు. 2001లో చనిపోయాడు. దాదాపు 4 లక్షల డాలర్లు మాజీ భార్యకే వెళ్ళాయి, కూతురు వేసిన దావా ఓడిపోయింది. ప్లాన్ కాగితాల్లో ఏ పేరుంటే కంపెనీ దానికే కట్టుబడాలంది కోర్టు. గుంటూరులో అన్న డిపాజిట్‌కి, డాలస్‌లో పెళ్ళికాని తమ్ముడి 401(కె)కి చెల్లెలి పేరే రాసుకున్నారనుకోండి. ఇక్కడ చెల్లెలు ధర్మకర్త, అక్కడ యజమాని. ఒకే ఇంటి పేరున్న ఇద్దరు అన్నదమ్ములు ఒకే పని చేసి రెండు వేరు పనులు చేసినవాళ్ళవుతారు. పెళ్ళయ్యాక, బిడ్డ పుట్టాక, విడిపోయాక, ఉద్యోగం మారాక ఆ గడి మళ్ళీ చూసుకోమని అమెరికాలో ఉన్న మా తమ్ముడికి నేను మూడుసార్లు ఫోన్ చేశాను.

ఇక రెండో కాగితం. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. రాసినవాళ్ళ సంతకం, ఆ సంతకాన్ని చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం అది చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ ఇష్టమైతే చేయించుకోవచ్చు. బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, కడపటిదే నిలుస్తుంది. గడులు లేవు. ఎవరికి ఏమివ్వాలో మాత్రమే కాదు, ఎందుకో కూడా చెప్పుకోవచ్చు.

పెదనాన్న వీలునామా మొదలు అందరి వీలునామాల్లాగే ఉంది. దస్తావేజు లేఖరులు తరతరాలుగా రాస్తున్న భాష. స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనఃపూర్వకంగా. ఈ మాటల్ని ఊకదంపుడు అని తోసిపుచ్చేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. రేపు ఎవరో కోర్టులో ‘ముసలాయనకి మతి లేదు, పక్కన కూర్చుని రాయించారు’ అంటారని ముందే తెలిసి కట్టుకున్న గోడ అది. రెండో పేజీకి వచ్చేసరికి గోడ అయిపోయి మనిషి కనిపిస్తాడు. ‘మా ఆవిడ నాతో పాతికేళ్ళుగా ఓర్చుకుంటూ వచ్చినది’ అని రాశాడు. బతికుండగా ఆయన నోట అలాంటి మాట మేమెవరమూ వినలేదు. పెద్దమ్మ ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఏ ఫారం గడీ ఈ వాక్యాన్ని పట్టలేదు.

కానీ ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. ఓర్చుకుంటూ వచ్చినది గనుక ఇంటిని ఆమె ‘జీవితాంతము అనుభవించి, దాన విక్రయాది హక్కులు లేకుండా’ ఉండి, ఆమె తదనంతరం ఇద్దరు కొడుకులకూ చెందవలెనని ఉంది. ప్రేమా కట్టడీ ఒకే వాక్యంలో, మధ్యలో కామా ఒక్కటే అడ్డం. ఇక వాళ్ళ కూతురు, మా అక్క సంగతి. ‘కుమార్తెకు 2012లో వివాహము జరిపించి పసుపు కుంకుమల క్రింద ఇవ్వవలసినది ఇచ్చి ఉన్నాము’ అన్న ఒక్క ముక్కతో సరి. అక్క ఆ పేజీ చదివి మడిచి పక్కన పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి అందరికీ కాఫీ కలిపింది.

ఇక్కడ విమర్శకుడిగా నాకు కష్టమైన ప్రశ్న ఎదురైంది. పెదనాన్న ఈ నాలుగు పేజీలూ రాయకుండా పోయి ఉంటే ఏమయ్యేది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, ఇద్దరు కొడుకులకీ, కూతురికీ నాలుగు సమాన వాటాలు వచ్చేవి. భార్య వాటా పూర్తిగా ఆమెది, అమ్ముకోవచ్చు, ఇచ్చుకోవచ్చు. అంటే ఆయన మౌనంగా ఉండి ఉంటే ఆయన మాట కన్నా ఎక్కువ న్యాయం జరిగేది. గొంతు ఉన్న రాతకి ఉన్న ప్రమాదం ఇదే. దాంట్లోకి మనిషి ప్రేమ ఎలా వస్తుందో, ఆ మనిషి పెరిగిన వీధి అలవాట్లూ అలాగే వస్తాయి. గడికి ప్రేమ లేదు, పక్షపాతమూ లేదు.

‘జీవితాంతం అనుభవించి’ అనే మాట మన ఆస్తి కాగితాల్లో ఎంత పాతదో, దాని మీద పోరాటమూ అంత పాతది. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళిన వడ్డెబోయిన తులశమ్మ కేసు తెలుగువాళ్ళు గుర్తుంచుకోవాల్సిన కేసు. భర్త పోయాక ఆమె భరణం కోసం భర్త సోదరుడి మీద దావా వేసింది. రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు, అనుభవించడానికే, అమ్మడానికి కాదు అన్న షరతుతో. 1977లో కోర్టు ఆ షరతు చెల్లదంది. భరణం హక్కుకి బదులుగా వచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ మొదటి భాగం కింద ఆమెకి సంపూర్ణంగా చెందుతుంది అంది. అయితే అదే సెక్షన్ రెండో భాగం ఇంకో తలుపు తెరిచి ఉంచింది. వీలునామా ద్వారా పరిమిత హక్కు ఇస్తే అది పరిమితంగానే ఉండిపోవచ్చు. ఏ తలుపు ఎక్కడ మూసుకుంటుందో తీర్పులు ఇన్నేళ్ళుగా ఒకదానితో ఒకటి పొసగక, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చిక్కుని పెద్ద ధర్మాసనానికి పంపింది. మా పెద్దమ్మ లాంటివాళ్ళ ఇల్లు ఆ రెండు తలుపుల మధ్య ఉంది.

మా ఇంటి కాగితం చూసి, రాయకపోవడమే మేలనే దాకా వెళ్ళాను నేను. నారాయణీ దేవి కేసు చదివాక వెనక్కి వచ్చాను. 1955లో పెళ్ళి. మూడు నెలలకే భర్త పాము కాటుతో పోయాడు. అత్తవారు గెంటేశారు. పుట్టింటివాళ్ళు చదివించారు. ఉద్యోగం చేసి, బ్యాంకులో దాచుకుని, ప్రావిడెంట్ ఫండ్ కూడబెట్టుకుని, 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. భర్త పోయి, పిల్లలు లేని హిందూ స్త్రీ సొంత సంపాదన అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం ముందు భర్త వారసులకి వెళ్తుంది, తల్లీ తండ్రీ ఆ తర్వాతే. 2009లో సుప్రీంకోర్టు, సానుభూతితో చట్టాన్ని మార్చలేమని చెప్పి, ఆ సొమ్ము ఆమెని గెంటేసిన ఇంటివైపు వాళ్ళకే ఇచ్చింది. ఆమె సొంత సంపాదన అది. తల్లిని నామినీగా రాసుకున్నంత మాత్రాన ఆ సొమ్ము తల్లిది అయ్యేది కాదు. రెండు సాక్షి సంతకాలున్న ఒక తెల్ల కాగితం ఉంటే అయ్యేది.

ఈ రోజు హైదరాబాద్‌లో సొంత జీతంతో ఫ్లాటు కొనుక్కున్న ఆడపిల్లల్లో ఎంతమందికి ఈ సెక్షన్ తెలుసు? నాకు తెలిసిన నలుగురిని అడిగితే నలుగురూ ‘నామినీగా అమ్మ ఉంది కదా’ అన్నారు. 2025 నవంబరులో సుప్రీంకోర్టే ఆడవాళ్ళంతా వీలునామాలు రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. నాకైతే ఆ విజ్ఞప్తి ప్రతి కాలేజీ గోడ మీదా ఉండాలనిపిస్తుంది.

అందరి వీలునామాలకీ చట్టం ఒకటి కాదు. పక్కపక్క ఇళ్ళలో ఉండే హిందువు, క్రైస్తవుడు, ముస్లిం ఒకే రోజు ఒకేలాంటి వీలునామా రాసినా ఫలితాలు వేరు. క్రైస్తవుడు రాశాక పెళ్ళి చేసుకుంటే ఆ వీలునామా రద్దయిపోతుంది. హిందువుది కాదు. ముస్లిం వ్యక్తి, వారసులు ఒప్పుకోకపోతే, ఆస్తిలో మూడో వంతు మించి వీలునామాతో ఇవ్వడానికి లేదు. పక్కింటాయన కాగితం చూసి కాపీ కొట్టకూడదు.

ఇంత చెప్పినా నామినీ గడిని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. ఇంటి పెద్ద పోయిన నెలలో ఆసుపత్రి బిల్లు ఉంటుంది, పిల్లల ఫీజు ఉంటుంది. ఆ నెలలో వీలునామా ఏమీ చేయలేదు, దాని నడక నెమ్మది. నామినీ ఉంటే బ్యాంకు సొమ్ము ఇచ్చేస్తుంది. లేకపోతే తహసీల్దారు కార్యాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తగాదా ఉంటే కోర్టులో వారసత్వ ధ్రువపత్రం, అందరి సంతకాలు, ఊళ్ళో లేనివాళ్ళ కోసం ఎదురుచూపులు. ఆ తిరుగుడు తిరగలేక వదిలేసినవాళ్ళూ, అసలు ఖాతా ఉందనే తెలియనివాళ్ళూ ఎందరో. పదేళ్ళు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి. 2023 ఫిబ్రవరి చివరికి ప్రభుత్వ రంగ బ్యాంకులు అలా పంపిన సొమ్ము 35,012 కోట్ల రూపాయలు. వారసులు అడిగితే తిరిగి ఇస్తారు. అడగాలంటే ముందు తెలియాలి.

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా రాయవచ్చు, ఒకరి తర్వాత ఒకరుగానో, ఒకేసారి ఇంత శాతం అనో. గడి పక్కన శాతం గడి వచ్చిందన్నమాట. మంచి మార్పే. కానీ నాకు దాని మీద ఒక భయం ఉంది. శాతాలు రాసేసరికి అది వీలునామా లాగే కనిపిస్తుంది. భార్యకి 50, పిల్లలకి 25 చొప్పున రాసి, పంపకం చేసేశామని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోతారు. రాసింది ఎవరి చేతికి ఎంత వెళ్ళాలని మాత్రమే. ఎవరిది అన్నది ఇంకో కాగితంలో ఉండాలి, ఆ కాగితమూ ఇదీ ఒకే మాట చెప్పాలి. లేకపోతే గడిలో పేరున్నవాళ్ళకీ వీలునామాలో పేరున్నవాళ్ళకీ మధ్య బంధుత్వం కోర్టు మెట్ల మీద తెగుతుంది.

పోయిన ఏడాది పెద్దమ్మ నన్ను పిలిచి తన వీలునామా రాయమంది. ఇంటి సంగతి ఆ రెండు తలుపుల మధ్య ఉంది, దాన్ని కదపలేదు. ఆవిడ సొంతమైనవి: మేనత్త తెచ్చి ఇచ్చిన డిపాజిట్, పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు, నాలుగు గాజులు. ముందు బ్యాంకుకి వెళ్ళి నామినీగా ముగ్గురు పిల్లల పేర్లూ రాయించి వచ్చింది. తర్వాత నేల మీద చాప పరిచి కూర్చుంది. ఎదురింటి మాస్టారూ, ఆయన భార్యా సాక్షులు. ఆవిడ చెబుతుంటే నేను రాస్తున్నాను. కొడుకుల పేర్లు అయ్యాయి. ‘నా కుమార్తెకు కూడా సమానముగా’ అని రాసి చదివి వినిపించాను.

పెద్దమ్మ చెయ్యి చాపి ఆపింది. ‘కూడా ఎందుకురా? కొట్టెయ్.’

కొట్టివేత ఉంటే రేపు ఎవరైనా ప్రశ్నిస్తారని చెప్పాను.

‘అయితే కొత్త కాయితం తియ్యి. దాని పేరు ముందు రాయి, అదే పెద్దది’ అంది.